మేడ మీద ముగ్గురున్నారు

టైలరింగ్ షాపు, దిగువ వీధి
ఆదివారం సాయంత్రం

ఆడపడుచు గారికి,

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. నాకున్న నిండు మొగుడు ఈ వారం మంచమెక్కాడు కాబట్టి సంజాయిషీ అర్ధమొగుడికి రాసుకుంటున్నాను. కంగారుపడకు. కాలికి దెబ్బ తగిలింది, చిన్నదే.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. మీ హాస్టల్ ఫోను ఆఫీసు గదిలో నలుగురి చెవుల మధ్య ఉంటుంది. పైగా వారమంతా నా గొంతు గాల్లోనే ఉంటోంది. నీతోనైనా కాగితం మీద మాట్లాడాలనిపించింది.

మా రేడియో గొడవ నీకు ముక్కలు ముక్కలుగానే తెలుసు. కరెంటూ ఫోన్లూ పోయిన రోజున ఊరు మూగబోకూడదని పదిమందిమి ఇళ్ళలో వైర్‌లెస్ సెట్లు పెట్టుకున్నాం. మా సెట్లకి బలం తక్కువ. అందుకని కొండ మీద రిపీటర్ అని ఒకటుంది. మేమన్న మాట పట్టుకుని అదే మాట గట్టిగా మళ్ళీ అంటుంది, అప్పుడు కొండ అవతలి వాళ్ళకీ వినబడుతుంది. ఆదివారం పొద్దున అందరినీ పేరుపేరునా పిలిచి హాజరు తీసుకునేదాన్ని నేను. దాన్ని నెట్ అంటాం. మీ అన్నయ్య దాన్ని నా రెండో మొగుడంటాడు, పెట్టింది తనే అయినా.

గురువారం మధ్యాహ్నం పెద్ద వాన. కాలవ పొంగింది. నేను ఒకామె జాకెట్టుకి కొలతలు తీస్తుంటే సెట్లో ఎవరో మగమనిషి మాట్లాడాడు. కాల్‌సైన్, అంటే సెట్టు గుర్తింపు పేరు, చెప్పలేదు. "మిల్లు వెనక గోడౌన్ కప్పు మీద ఇద్దరున్నారు. నీళ్ళు నడుము దాకా వచ్చాయి. పడవ పంపండి. విన్నారా? ఎవరైనా విన్నారా?" అన్నాడు. భయం లేదు, తొందర లేదు. వార్తలు చదివినట్టు చదివాడు. నేను నెట్‌కి చెప్పాను. మా నెట్‌లోనే ఉన్న బడి డ్రిల్లు మాస్టారినీ ఆయన పడవనీ తీసుకుని మీ అన్నయ్య వెళ్ళాడు. పిలుపు వచ్చిందంటే ఆగడుగా.

అక్కడ ఎవరూ లేరు. గోడౌన్ తలుపుకి తాళం, కప్పు మీద కాకి. తిరిగొచ్చేటప్పుడు పడవ గోడకి కొట్టుకుంది, అంతే. ఎవరో ఆకతాయి అనుకుని వదిలేశాం.

నీ వదిన


బాలికల హాస్టల్, పై గది

వదినా,

నువ్వు "చిన్నదే" అని రెండుసార్లు రాస్తే పెద్దదని నాకు తెలుసు. ఒక్కసారే రాశావు కాబట్టి మధ్యరకం అనుకుంటున్నాను. అసలు సంగతి రాయి.

ఇక్కడ పిల్లలకి పరీక్షలు. రాత్రి పది దాటాక లైటు ఆర్పమంటే, వార్డెన్ గారూ మీకు చదువు విలువ తెలీదంటుంది ఒకత్తె. నవ్వాపుకోలేక తలుపేసుకున్నాను.

ఒక్క మాట అడుగుతాను, ఎందుకని అడక్కు. ఆ మనిషి సరిగ్గా "మిల్లు వెనక గోడౌన్" అన్నాడా? "ఇద్దరు" అన్నాడా? అన్నయ్య ఆ మాట విన్నప్పుడు ఏమైనా అన్నాడా?

నీ అర్ధమొగుడు


టైలరింగ్ షాపు

మరదలు పిల్లా,

సరే, దాచను. కాలు రెండు చోట్ల విరిగింది. లోపల రాడ్ వేశారు. పడవ బోల్తా పడింది, గోడకీ పడవకీ మధ్య ఇరుక్కున్నాడు. డ్రిల్లు మాస్టారు జుట్టు పట్టుకుని లాగకపోతే ఈ ఉత్తరం వేరేలా ఉండేది. నేను పంపాను. గాల్లో వచ్చిన మాటకి నా మొగుణ్ణి పంపాను. ఇంటికి వచ్చేదాకా ఏడవలేదు. తరవాత కూడా పెద్దగా ఏడవలేదు, పక్క గదిలో పడుకున్నాడుగా.

నువ్వడిగిన రెండూ నిజమే. గోడౌన్ అనే అన్నాడు, ఇద్దరనే అన్నాడు. మీ అన్నయ్య ఏమీ అనలేదు. నా మొహం వంక ఒక్క క్షణం చూసి చెప్పులు కూడా వేసుకోకుండా పోయాడు.

ఆ మనిషి మళ్ళీ వచ్చాడు. నిన్న పొద్దున, మంచి ఎండలో. షాపు ముందు బట్టలు ఆరేసి ఉన్నాయి. అతని మాట వెనకాల మాత్రం వాన చప్పుడు, ఆగకుండా. "మందుల కొట్టు మేడ మీద ముగ్గురున్నారు. ఒకామె నిండు నెలలు. మెట్లు మునిగాయి. విన్నారా?" నేను మీరెవరు, ఎక్కణ్ణుంచి అని అడిగాను. మళ్ళీ అదే, అక్షరం మారకుండా. మళ్ళీ అదే. మా నెట్‌లో ఉండే బేకరీ ఆయన మధ్యలో దూరి తిట్టాడు, అయినా ఆగలేదు. నాకు విసుగొచ్చి, నెట్‌లో అలవాటు కొద్దీ, "అందింది" అన్నాను.

వెంటనే ఆగాడు. తరవాత మెల్లగా, "మంచిది. ఇంకోటి ఉంది," అన్నాడు.

నా చేతిలో సుద్దముక్క విరిగిపోయింది.

మందుల కొట్టు ఆసుపత్రి దగ్గరుంది, దానికి మేడ లేదు. నేను ఈ ఊరి కోడల్ని, పాత ఊరు నాకేం తెలుసు? మన షాపుకొచ్చే కళ్ళద్దాల మామ్మగారిని అడిగాను, ఒకప్పుడు మేడున్న మందుల కొట్టు ఉండేదా అని. ఆవిడ కాసేపు నా వంక చూసి, కుట్టమని తెచ్చిన బట్ట కూడా బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయింది. ఇంతవరకూ రాలేదు.

నీకేమైనా తెలుసా?

వదిన


హాస్టల్

వదినా,

పెద్దవాళ్ళనెవరినీ అడక్కు. సెట్టు కొన్నాళ్ళు కట్టేసెయ్. మందుల కొట్టు మాట అన్నయ్య దగ్గర ఎత్తకు. కాలు జాగ్రత్త.

ఇంతకన్నా రాయడానికి ఏమీ లేదు.


టైలరింగ్ షాపు
వాన, మూడోరోజు

మరదలా,

నీ ఉత్తరం రెండు వైపులా తిప్పి చూశాను. నువ్వు రాసిందేనా అనిపించింది. నోట్లో నువ్వుగింజ నానని పిల్లవి, నాలుగు ముక్కలు రాసి ముడేశావు. నాకు కోపం వచ్చింది. ఆ కోపంలోనే మీ అన్నయ్య దగ్గర కూర్చుని అడిగాను.

అడగాల్సిన పనే లేకపోయింది. గోడ అవతల పడుకుని అన్నీ వింటున్నాడట. సెట్లో ఆ మనిషి మొదలుపెట్టగానే, తరవాత వచ్చే చోటు మీ అన్నయ్య ముందే చెబుతున్నాడు. "ఇప్పుడు పాత బడి వరండా అంటాడు చూడు," అన్నాడు. సెట్లో గొంతు పాత బడి వరండా అంది. "ఇప్పుడు ఐసు ఫ్యాక్టరీ." ఐసు ఫ్యాక్టరీ. ఒక గదిలో గాలి, ఒక గదిలో మొగుడు, ఇద్దరూ ఒకే పాఠం అప్పజెబుతున్నారు.

అప్పుడు చెప్పాడు, మీ చిన్నప్పటి వరద సంగతి. అవన్నీ ఆ రోజు మనుషులు పోయిన చోట్లట. నీళ్ళు ఎక్కిన వరసలో ఎక్కడ ఎంతమందో ఊళ్ళో ఆ వయసు వాళ్ళందరికీ కంఠతా వచ్చట, పైకి మాత్రం ఎవరూ అనరట. మామయ్య గారు ఫైర్ స్టేషన్‌లో పడవ నడిపేవారని మాత్రమే నాకు తెలుసు. ఆయన ఫొటోకి రోజూ దుమ్ము తుడిచేది నేను. ఇంత సంగతి కడుపులో పెట్టుకుని ఇద్దరూ నాతో ఎలా నవ్వగలిగారు?

ఇంకో సంగతి. డ్రిల్లు మాస్టారు, నేను చెరో దిక్కున నిలబడి, రిపీటర్ నుంచి తిరిగొచ్చేది కాకుండా అతని సెట్టు నుంచి నేరుగా వచ్చే మాటని యాంటెన్నాతో వెతికాం. ఎటు తిప్పితే గట్టిగా వినిపిస్తే అటు గీత గీయడం. రెండు గీతలూ చెరువు కట్ట మీద పాత పంప్‌హౌస్ దగ్గర కలిశాయి. అక్కడ పంపులు ఆగిపోయి చాలా ఏళ్ళైందట.

నీకొక్కదానికే చెబుతున్నాను. నిన్న సెట్టు ఆపేసి, వైరు కూడా పీకేసి మిషను తొక్కుతున్నాను. పెడల్ చప్పుడులో "విన్నారా" అని వినిపించింది. కాలు ఆపాను. ఏమీ లేదు. మళ్ళీ తొక్కాను. మళ్ళీ వినిపించింది.

వదిన


హాస్టల్, పిల్లలు పడుకున్నాక

వదినా,

క్షమించు. ఆ మాటలు మా ఇంట్లో ఎవరూ అనకూడదు. అమ్మ మాతో ఆ ఒట్టు వేయించుకుంది. ఇప్పుడు అమ్మా లేదు, నాన్నా లేడు. ఒట్టు ఒక్కటే మిగిలింది. దాన్ని ఎవరి కోసం మోస్తున్నానో నాకే తెలీదు.

ఆ రోజు మధ్యాహ్నం నీళ్ళు బడిలోకొస్తున్నాయని మమ్మల్ని ముందే ఇంటికి పంపారు. మా క్వార్టర్సు ఫైర్ స్టేషన్ వెనకే, మెరక మీద. ఊరంతటికీ ఒకటే పడవ. పిలుపు రాకుండా పడవ కదలకూడదని నియమం. ఒక పక్కకి పోయాక ఇంకో పక్క నుంచి పిలుపొస్తే దిక్కు లేదు కదా. నాన్న పడవలో కూర్చున్నాడు. షెడ్డులోనే, నేల మీద ఉన్న పడవలో, తెడ్డు పట్టుకుని. ఫోన్ దగ్గర ఇంకొకాయన. నేను నాన్నకి టీ తీసుకెళ్ళి ఇచ్చాను. తాగలేదు. "ఎవరూ పిలవట్లేదేంటమ్మా," అన్నాడు. చీకటి పడేదాకా చూసి, నియమం సంగతి తరవాత చూద్దామని ఒక్కడే తోసుకుపోయాడు. అప్పటికే అయిపోయింది. ఆయన తెచ్చినవాళ్ళెవరూ ఊపిరితో లేరు.

తరవాత విచారణలో, ఫైర్ స్టేషన్‌కి ఒక్క పిలుపూ రాలేదని రాశారు. నిజమే. ఊరు నమ్మలేదు. అంతమంది చస్తూ ఒక్కరూ పిలవకుండా ఉంటారా, పడుకుని ఉంటారు వెధవలు అన్నారు. నాన్న ఎదురైతే జనం రోడ్డు దాటి అవతలికి పోయేవాళ్ళు. కొట్టుకెళ్తే, ఉన్న సరుకు లేదనేవాళ్ళు. ఆయన చివరిదాకా ఒకే మాట అన్నాడు, పోయే ముందు జ్వరంలో కూడా: ఎవరూ పిలవలేదు. నేను నమ్మానో లేదో నాకే తెలీదు వదినా. అందుకే ఆ ఊళ్ళో ఉండలేకపోయాను. అన్నయ్య ఉండిపోయాడు. పిలుపంటే చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తేది అందుకే.

ఆ గొంతు ఎవరిదైనా సరే, పంప్‌హౌస్‌కి ఒక్కదానివే వెళ్ళకు.

నీ మరదలు


టైలరింగ్ షాపు

మరదలు పిల్లా,

ఒక్కదాన్నే వెళ్ళాను. నీ ఉత్తరం వచ్చేసరికి వెళ్ళొచ్చేశాను కూడా. పట్టపగలు, గొడుగుతో, కొలతల టేపు మెడలోనే మర్చిపోయి.

అక్కడ మనుషులున్నారు. బతికున్న మనుషులు. పాత పంపు ఆపరేటరు, ఆయన కోడలు. చెరువు తూముకి కాపలా అని ఆ క్వార్టర్సులో ఉండనిచ్చారట. తూము నీళ్ళు గోడ పక్కనే పడుతుంటాయి, వాన చప్పుడదే. విని ప్రాణం కుదుటపడింది. ఎక్కువసేపు కాదు.

ఆ కోడలు చెప్పింది. ఆయన భార్య పోయినప్పటి నుంచీ ఇంట్లో మాట్లాడ్డం మానేశాడట. పాత సామాన్ల వాడి దగ్గర సెట్టు కొని తనే బాగుచేసుకున్నాడట. ఈ వానలు మొదలైనప్పటి నుంచీ పంపుల గదిలోకి వెళ్ళి కూర్చుంటున్నాడట. "ఎవరితోనో మాట్లాడుతున్నాడు, మాట్లాడితే చాలనుకున్నాను," అంది.

గదిలోకి వెళ్ళాను. తుప్పుపట్టిన పంపులు, మధ్యలో బల్ల. ఆయన వీపు నా వైపు. చెవులకి పాతకాలం హెడ్‌ఫోన్లు. నేను పిలవబోతే, వెనక్కి తిరక్కుండానే చెయ్యెత్తి ఆగమన్నాడు. ఎవరో చెబుతుంటే వింటున్నట్టు తల ఊపాడు. తరవాత మీట నొక్కి, "ఐసు ఫ్యాక్టరీ నిచ్చెన మీద నలుగురు," అన్నాడు. నా కళ్ళు హెడ్‌ఫోన్ వైరు వెంట కిందికి పోయాయి. దాని కొస నేల మీద పడి ఉంది. దేనికీ తగిలించి లేదు.

చాలాసేపు పక్కన కూర్చున్నాక, ఎప్పుడో, మామూలు మనిషిలా నా వైపు తిరిగి చెప్పాడు. ఆ రోజు టెలిఫోన్ ఎక్స్ఛేంజి ముందే మునిగింది. మిగిలింది నీళ్ళ సప్లయి వాళ్ళ వైర్‌లెస్ ఒక్కటే. వీధుల్లో వాల్వులు తిప్పే పనివాళ్ళు ఎవరింటి మేడ మీద చిక్కుకుంటే అక్కణ్ణుంచి పంప్‌హౌస్‌కి చెప్పారు. ఈయన ఎక్స్ఛేంజితో పని లేని విడి లైనులో ఫైర్ స్టేషన్‌కి ఫోన్ చేసి చెప్పాలి. ఆ లైను చచ్చి ఉంది. అంతకుముందు నుంచే పాడై ఉందట, పైవాళ్ళకి తెలిసినా బాగుచేయించలేదట. చుట్టూ నీళ్ళు. అప్పటికి ఈయన కుర్రాడు. అందరి మాటా విన్నాడు. ఒక్కొక్కరూ ఆగిపోయేదాకా విన్నాడు. తరవాత పైవాళ్ళు, లైను సంగతి బయటికి రానీకు, నీ ఉద్యోగం పోతుంది అన్నారట.

అర్థమైందా? పిలిచారు. అందరూ పిలిచారు. మామయ్య గారి దాకా రాలేదు, అంతే.

మీ అన్నయ్యకి చెప్పాను. దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు. సాయంత్రం లేచి, రేపు ఆయన పిలిస్తే నేను మాట్లాడతాను, ఫైర్ స్టేషన్ నుంచి, పడవ బయల్దేరిందని చెబుతాను అన్నాడు. నేను ఒప్పుకోలేదు. నా నెట్‌లో అబద్ధం చెప్పడానికి వీల్లేదు, జాలితో కూడా. ఇవాళ జాలితో చెబితే రేపు నిజం చెప్పినప్పుడు ఎవరు నమ్ముతారు? మాటా మాటా పెరిగింది. రెండు రోజులుగా కంచం అందిస్తే తీసుకుంటున్నాడు, అంతవరకే.

నేను మాత్రం రోజూ "అందింది" అంటున్నాను. అది అబద్ధం కాదు కదా.

వదిన


పాత బడి కొత్త భవనం, పై అంతస్తు
పెన్సిల్‌తో రాస్తున్నాను

మరదలా,

అందరం బతికే ఉన్నాం. ముందు అది చదివి ఊపిరి పీల్చుకో.

నిన్న తెల్లారేసరికే ఆకాశం నల్లగా ఉంది. ఆయన పిలిచాడు. "పంప్‌హౌస్. కట్ట మీంచి నీళ్ళు పొర్లుతున్నాయి. దిగువ వీధులు ఖాళీ చేయించండి. విన్నారా?" బేకరీ ఆయన వెంటనే, ఆ పాత పాటే, పట్టించుకోకండి అన్నాడు. ఇంకొకాయన నవ్వాడు. నాకూ నోట్లో "అందింది" అనే వచ్చింది. కానీ ఏదో తేడా. అన్నాళ్ళూ అక్కడ ముగ్గురు, ఇక్కడ నలుగురు అని ఎవరెవరి మాటో చెప్పేవాడు. పంప్‌హౌస్ మాట ఒక్కసారీ చెప్పలేదు. వాన చప్పుడు కూడా మారింది, తూము పడే చప్పుడు లేదు, బరువుగా ఏదో జారుతున్నట్టుంది.

నేనెప్పుడు ప్రశ్న అడిగినా ఆయన జవాబివ్వలేదు. అయినా అడిగాను. "నీళ్ళు ఎవరు చూశారు?"

అందరూ వింటున్నారు. అప్పుడన్నాడు: "నేనమ్మా. కళ్ళతో చూస్తున్నాను."

నా మొగుణ్ణి ఒకసారి ఆ గొంతుకి అప్పజెప్పినదాన్ని. తప్పైతే ఈ ఊళ్ళో నా మొహం ఎవరికీ చూపించలేను, మళ్ళీ మన ఇంటి పేరే చెడుతుంది. మీ అన్నయ్య గోడ పట్టుకుని ఒంటికాలి మీద వచ్చి నా వెనక నిలబడ్డాడు. నేను నెట్‌కి చెప్పాను: ఇది నిజం. దిగువ వీధులు ఖాళీ చేయించండి. బాధ్యత నాది.

బేకరీ ఆయన ఒక్క క్షణం ఆగి, సరేనమ్మా అన్నాడు. తరవాత ఆయనే అందరికన్నా ఎక్కువ తిరిగాడు, రొట్టెల బండిలో ముసలివాళ్ళని ఎక్కించుకుని. డ్రిల్లు మాస్టారు ఈల వేస్తూ ఇల్లిల్లూ లేపాడు. కళ్ళద్దాల మామ్మగారు కదలనంటే, ఆవిడ బట్ట నా దగ్గరే ఉందని, కుట్టి ఇస్తానని చెప్పి నడిపించాను. ఇంతలో కరెంటు పోయింది, ఫోన్లూ పోయాయి. రిపీటర్ ఒక్కటే కొండ మీంచి మా మాటలు మాకే అరిచి చెబుతూ ఉంది. మీ అన్నయ్య దెబ్బ తిన్నాక ఫైర్ స్టేషన్‌లోనూ మా సెట్టొకటి పెట్టించాం. వాళ్ళు పంప్‌హౌస్ వైపు పడవ తీశారు.

అప్పుడు మీ అన్నయ్య మైకు అడిగాడు. ఇచ్చాను. "ఫైర్ స్టేషన్‌కి చెప్పాం. పడవ బయల్దేరింది," అన్నాడు.

కట్ట జారే చప్పుడు. తరవాత, చిన్నపిల్లాడు అడిగినట్టు, "నిజంగానా?" అని వచ్చింది.

"నిజంగా," అన్నాడు మీ అన్నయ్య.

మధ్యాహ్నానికి కట్ట తెగింది. మన వీధిలో నీళ్ళు తలుపు పై చెక్క దాకా వచ్చాయి. నా మిషన్లు, జనం బట్టలు, అన్నీ పోయాయి. మనిషి ఒక్కరూ పోలేదు. ఆయన్నీ కోడల్నీ పడవలో తెచ్చారు. హెడ్‌ఫోన్లు తియ్యనివ్వలేదట.

నువ్వు రా. ఇల్లు కడుక్కోడానికి చేతులు కావాలి. ఇంకో కారణం నువ్వే వెతుక్కో.

వదిన


హాస్టల్

వదినా,

బస్సు దిగి నేరుగా కాగితం తీసుకున్నాను. మీతో ఉన్న ఆ పది రోజులూ బురద ఎత్తుతూ, అన్నయ్యని ఏడిపిస్తూ గడిపాను కానీ అసలు పని చివరి పూటకి వాయిదా వేశాను. మీకు చెప్పకుండా, బస్టాండుకి పోయే దారిలో పంప్‌హౌస్ ఆయన్ని ఉంచిన ఇంటికి వెళ్ళాను. ఇంట్లో చెప్పే ధైర్యం లేకపోయింది. కాగితం మీద చెబుతున్నాను.

కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చిన్న మనిషి. హెడ్‌ఫోన్లు మెడలో ఉన్నాయి. నేను ఫైర్ స్టేషన్ పడవాయన కూతుర్ని అన్నాను. ఆయన లేవబోయాడు, లేవలేకపోయాడు. చాలాసేపు నా పాదాల వంక చూశాడు.

ఒక్కటే అడిగాడు. "ఆ రోజు మీ నాన్నగారు మెలకువగానే ఉన్నారా?"

పడవలోనే కూర్చున్నాడని చెప్పాను. తెడ్డు పట్టుకుని, టీ కూడా తాగకుండా, ఎవరూ పిలవట్లేదేంటని అడుగుతూ.

"లైను పోయిందని నాకు మర్నాడు కదా తెలిసింది. అప్పుడు రింగవుతోందనే అనుకున్నాను. తియ్యట్లేదనుకున్నాను. తరవాత తెలిసినా మనసు ఒప్పుకోలేదు. ఇన్నేళ్ళూ ఆయన పడుకున్నాడనే అనుకున్నానమ్మా," అన్నాడు.

నాకు కోపం రావాలి కదా వదినా. ఊరంతా అనుకున్న మాటే. రాలేదు. నేనూ ఎప్పుడో ఒక రాత్రి అలాగే అనుకున్నాను. ఆ సంగతి ఆయనతో చెప్పలేదు, నీకు చెబుతున్నాను.

బస్సు వేళయిందని లేచాను. తలుపు దగ్గరికి వెళ్ళేసరికి వెనక కుర్చీ కిర్రుమంది. తిరిగి చూస్తే ఆయన హెడ్‌ఫోన్లు చెవులకి పెట్టుకుంటున్నాడు. నా వైపు చెయ్యెత్తాడు, ఆగమని. బయట ఎండగా ఉంది. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. ఆయన తల వంచి వింటున్నాడు. నువ్వు రాసినట్టు తల ఊపలేదు. ఆశ్చర్యపోయినట్టు కనుబొమలు పైకి లేచాయి.

ఎవరని అడిగాను.

"ఫైర్ స్టేషన్," అన్నాడు. "మొదటిసారి లైను కలిసింది. ఎవరైనా పిలుస్తున్నారా అని అడుగుతున్నారు."

నన్ను ఏం చెయ్యమంటావు? ఆ గదిలో సెట్టు లేదు, మైకు లేదు. నేను వెనక్కి వెళ్ళి ఆ మనిషి కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాను. పిలుస్తున్నారు నాన్నా, అన్నాను. అందరూ పిలుస్తున్నారు. గోడౌన్ మీద ఇద్దరు, మందుల కొట్టు మేడ మీద ముగ్గురు అని ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయాను. నేను చెప్పినదల్లా ఆయన మెల్లగా, అక్షరం మారకుండా, మళ్ళీ చెప్పాడు.

నీ మరదలు